ఎలివేషన్ నిలవాలి, వెనక కొత్త భవనం లేవాలి: పాత ముందు గోడను కాపాడే పద్ధతి

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో, సుల్తాన్ బజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పాత భవనాల వెనక భాగం ఎంత శిథిలమైనా, రోడ్డు వైపు గోడ మాత్రం చాలాచోట్ల చెక్కుచెదరకుండా ఉంటుంది. కమానులు, గచ్చు (సున్నపు పూత) పూలు, చెక్క ఛజ్జాలు (కిటికీల పైని చూరులు), రాతి బ్రాకెట్లు అన్నీ ఆ గోడ మీదే. వెనక స్థలంలో కొత్త భవనం కట్టుకుంటూనే ఆ గోడను నిలుపుకోవచ్చు. ఖర్చు కొంత ఎక్కువ, ఓపిక చాలా ఎక్కువ కావాలి. కానీ ఏది ముందు, ఏది వెనక అన్న వరుస తప్పితే గోడ ఒక్క రాత్రిలో రోడ్డు మీద పడుతుంది. ఈ వ్యాసం ఆ వరుస గురించే.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. పాత గోడ ఎన్నడూ ఒంటరిగా నిలబడలేదు. వెనకనున్న అడ్డగోడలు, గోడలోకి దిగిన టేకు దూలాలు, మిద్దె బరువు అన్నీ కలిసి దాన్ని పట్టుకుని ఉన్నాయి. వాటిని తీసేస్తే మిగిలేది నిలబెట్టిన పలక. అందుకే పాత వీపు తీసే ముందే కొత్త వీపు ఇవ్వాలి. తర్వాతి పనులన్నీ ఇందులోంచే వస్తాయి.

గోడ ఒక్కటేనా, ముందు గది కూడానా

మా సలహా: వీలైతే ముందు గోడతో పాటు దాని వెనక మొదటి వరుస గదులను, అంటే 12 నుంచి 15 అడుగుల లోతును ఉంచండి. అడ్డగోడలు అలాగే ఉంటాయి కాబట్టి గోడకు పెట్టాల్సిన తాత్కాలిక ఇనుప ఆసరా బాగా తగ్గుతుంది. బయటి నుంచి చూసేవారికి కిటికీ వెనక నిజమైన గది కనిపిస్తుంది. పాత అంతస్తు ఎత్తు 14, 16 అడుగులు ఉంటుంది, కొత్తది 10 అడుగులే. గోడ ఒక్కటే ఉంచి వెనక 10 అడుగులకో స్లాబ్ వేస్తే, అది పాత కిటికీ మధ్య నుంచి అడ్డంగా పోతుంది. కింది నుంచి తలెత్తి చూస్తే కిటికీలో సగం వరకు కాంక్రీటు అంచు. ఇలాంటివి చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ముందు గది కూడా ఉంచితే ఈ సమస్యే రాదు. దూలాలు చెదలు తిని కూలిపోయి, అడ్డగోడలు విరిగిపోయిన చోట మాత్రమే గోడ ఒక్కటి ఉంచే పద్ధతికి దిగండి. అప్పుడు కూడా స్లాబులను గోడకు కనీసం 6, 7 అడుగులు వెనకే ఆపి, ముందు భాగాన్ని ఎత్తుగా ఖాళీగా వదిలేయమని ఆర్కిటెక్టుకు ప్లాన్ దశలోనే చెప్పాలి.

అనుమతుల సంగతి క్లుప్తంగా

స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఉంటే కొత్త నిర్మాణం నిషిద్ధం, మరమ్మతుకే అనుమతి దొరుకుతుంది. ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ కట్టాలంటే ముందు అనుమతి కావాలి. 2010 సవరణ చట్టం చెప్పేది ఇదే. చార్మినార్ చుట్టుపక్కల స్థలం ఉన్నవారు టేపు పట్టుకుని ముందు ఈ దూరం కొలుచుకోవాలి, ఎందుకంటే 100 మీటర్ల లోపున్న స్థలానికి ఇక్కడ చెబుతున్న పద్ధతిలో సగం వర్తించదు. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కింద భవనం జాబితాలో ఉందేమో చూసుకోవాలి. ఉంటే ముందు గోడ మీద ఒక్క మేకు కొట్టడానికైనా అనుమతి కావాలి. రోడ్డు వెడల్పులో గోడ పోతుందనుకునేవారు భవన నిర్మాణ నియమాలైన 2012 నాటి జీవో 168లోని టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) నిబంధనలను లైసెన్సుడు ఆర్కిటెక్టు దగ్గర కూర్చుని చదివించుకోండి. నేల అంతస్తు ముందు భాగాన్ని కమానుల నడవాగా మార్చి ఫుట్‌పాత్‌ను అందులోంచి పోనిచ్చే దారి కూడా ఉంది. నడవా అనేది పత్తర్‌గట్టీకి కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ రాతి కమానుల వరుసను కట్టించింది అలాగే.

గోడను చదవడం

పని మొదలయ్యే ముందు గోడ ప్రతి అడుగూ నమోదు కావాలి. 1:50 కొలతలో మొత్తం ముఖభాగం గీయించండి, కమాను, బ్రాకెట్ లాంటివి 1:20లో. గచ్చు అంచుల వంపులను పూర్తి సైజులో, అట్ట మీద కత్తిరించి ఉంచుకోవాలి. రేపు ఊడిపోయిన చోట ఫర్మా (అచ్చు) తయారుచేయడానికి అదే ఆధారం. ఫోటోలు ఒకదాని మీద ఒకటి 60, 70 శాతం కలిసేలా వరుసగా తీస్తే కంప్యూటర్‌లో కొలతలతో సహా మొత్తం గోడ తయారవుతుంది. రాళ్లకు నంబర్లు సుద్దతోనే రాయాలి. ఆయిల్ పెయింట్‌తో రాస్తే గ్రానైట్ లోంచి దాన్ని తీయడం మరో పెద్ద పని.

తర్వాత చెక్క సుత్తితో గచ్చును మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్న ప్రతి చోటునూ డ్రాయింగ్ మీద గీతతో చుట్టండి. 2019 మేలో చార్మినార్ మీనార్ నుంచే గచ్చు పెళ్ల ఊడి పడిందని గుర్తుంచుకుంటే, ఫుట్‌పాత్ పైన ఉన్న డొల్లను ముందే ఆపడం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. పాత గోడ చాలాసార్లు రెండు రాతి పొరలు, మధ్యలో చిన్న రాళ్లు, సున్నం నింపిన పద్ధతిలో ఉంటుంది. పై నుంచి నీరు దిగి మధ్య నింపుడు కొట్టుకుపోతే బయటి పొర ముందుకు ఉబ్బుతుంది, గోడ పొట్ట వేస్తుంది. పై నుంచి గుండు దారం వదిలి, ప్రతి 3 అడుగులకూ దారానికి, గోడకు మధ్య దూరం కొలిచి రాసుకోండి. పొట్ట ఎక్కడుందో, ఎంతుందో ఆ అంకెలే చెబుతాయి.

పగుళ్ల మీద గాజు పట్టీలు అతికించి తేదీ రాయాలి, పగులు కదిలితే పట్టీ విరుగుతుంది. అంతకంటే ప్లాస్టిక్ కొలత గేజీ మేలు, ఎటు కదిలిందో, ఎన్ని మిల్లీమీటర్లో చూపిస్తుంది. ఎండకు గోడ వ్యాకోచిస్తుంది కాబట్టి రీడింగ్ ఎప్పుడూ ఉదయం ఒకే వేళకు తీయాలి. కూల్చేటప్పుడు, తవ్వేటప్పుడు రోజూ, మిగతా రోజుల్లో వారానికోసారి. ఎన్ని మిల్లీమీటర్లకు హెచ్చరిక, ఎన్నింటికి పని నిలిపివేత అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు పని మొదలవక ముందే కాగితం మీద రాసివ్వాలి. పగులు పెరిగాక కూర్చుని నిర్ణయిద్దాం అనుకుంటే అప్పటికి ఆలస్యం.

ఇనుప చట్రం: గాలి లెక్క

గోడ ఒక్కటే ఉంచేటప్పుడు దాన్ని పట్టి ఉంచే తాత్కాలిక ఇనుప చట్రం మోయాల్సింది గోడ బరువు కాదు, గాలిని. గోడ తన బరువును తన పునాది మీద తానే మోసుకుంటుంది. గాలి దాన్ని పక్కకు నెడుతుంది.

ఉదాహరణకు 40 అడుగుల పొడవు, 30 అడుగుల ఎత్తున్న గోడ తీసుకుందాం. వైశాల్యం 1,200 చదరపు అడుగులు. భారతీయ ప్రమాణంలో హైదరాబాద్‌కు మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,160 న్యూటన్లు వస్తుంది, అంటే చదరపు అడుగుకు దాదాపు 11 కిలోలు. మొత్తం గోడ మీద 13 టన్నులు. విశాఖపట్నం, విజయవాడలకు వేగం 50, అక్కడ ఇదే గోడ మీద 17 టన్నులు. ఎత్తు, చుట్టుపక్కల భవనాలు, తాత్కాలిక నిర్మాణం కావడం లాంటివాటిని బట్టి ఇంజనీరు ఈ అంకెను సవరిస్తారు. మనకు కావలసింది పని ఎంత పెద్దదో తెలియడం.

ఈ 13 టన్నులు గోడ సగం ఎత్తులో, 15 అడుగుల దగ్గర నెడుతున్నట్టు లెక్క. చట్రం పాదం 8 అడుగుల వెడల్పుంటే అది తిరగబడకుండా ఆపడానికి దాదాపు 49 టన్నుల బరువు కావాలి, ఒకటిన్నర రెట్లు భద్రత కలిపితే 73 టన్నులు. అంటే 30 ఘనమీటర్ల కాంక్రీటు దిమ్మెలు. పాదాన్ని 12 అడుగులకు పెంచితే 20 ఘనమీటర్లతో సరిపోతుంది. నాలుగు సరుగుడు బాదులు ఆనించి ‘సపోర్ట్ పెట్టాం’ అనడం ఎంత ప్రమాదమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

చట్రాన్ని రోడ్డు వైపు పెడితే వెనక పనికి అడ్డు ఉండదు, కానీ ఫుట్‌పాత్ మూసుకుపోతుంది. అందుకని కింద మనుషులు నడిచేలా ద్వారం ఆకారంలో కట్టాలి. పాత బస్తీ గల్లీలో అంత చోటు ఉండదు. అక్కడ చట్రం లోపలి వైపే రావాలి. అప్పుడు కొత్త భవనం స్తంభాలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే నిర్ణయించి, చట్రం కాళ్లు వాటి మధ్య దిగేలా చూడాలి. ఇది మరిచిపోతే పని మధ్యలో చట్రం కాలు కోయాల్సి వస్తుంది, అంతకంటే ప్రమాదకరమైన పని ఈ సైట్‌లో మరొకటి లేదు.

గోడకు రంధ్రాలు వేయకుండా పట్టుకునే మార్గం కిటికీలే. ప్రతి అంతస్తు మట్టంలో గోడకు లోపల ఒకటి, బయట ఒకటి అడ్డ గర్డర్లు పెట్టి, కిటికీల్లోంచి పోయే కడ్డీలతో రెంటినీ బిగించాలి. గర్డరు నేరుగా గచ్చుకు తగలకూడదు. మధ్యలో మందపాటి రబ్బరు, దాని మీద గట్టి చెక్క. ఒకవైపు పలచగా చెక్కిన చెక్క ముక్కలను జంటగా ఎదురెదురుగా దిగ్గొట్టి ఖాళీ పూడ్చాలి. చెక్క ఎండకు ఎండి వదులవుతుంది కాబట్టి నెలకోసారి వాటిని మళ్లీ తట్టి బిగించే పని ఒకరికి అప్పగించండి. కిటికీల ఖాళీల్లో చెక్క చట్రాలు బిగించాలి, లేదా మట్టి అడుసుతో ఇటుకలు పేర్చాలి. సిమెంటుతో పేరిస్తే తీసేటప్పుడు కిటికీ అంచు రాయి కూడా ఊడి వస్తుంది.

కూల్చడం, తవ్వడం

చట్రం బిగించి, రీడింగులు వారం రోజులు కదలకుండా ఉన్నాకే కూల్చడం మొదలుపెట్టాలి. పై నుంచి కిందికి, ఒక్కో అంతస్తూ. గోడలోకి దిగిన దూలాన్ని ఎప్పుడూ లాగకూడదు. గోడకు అర అడుగు ఇవతల రంపంతో కోసి, మొనను గోడలోనే ఉంచాలి. లాగితే చుట్టూ ఉన్న రాళ్లు కూడా కదులుతాయి. ఆ మొనలను తర్వాత ఒక్కొక్కటిగా తీసి, ఖాళీని వెంటనే ఇటుక, సున్నంతో పూడ్చుకోవచ్చు. అడ్డగోడలను కూడా ముందు గోడ దాకా కూల్చకుండా 2, 3 అడుగుల మొండెం వదిలితే అది బుట్రెస్‌లా (ఆనుడు గోడలా) కొంత ఆసరా ఇస్తుంది. గోడ నెత్తి బయటపడిన రోజే దాన్ని కప్పాలి. ఒక్క వానకే నీరు మధ్య నింపుడులోకి దిగి పొట్ట పెరుగుతుంది.

హైదరాబాద్‌లో అసలు కష్టం సెల్లార్. చాలాచోట్ల కొద్ది అడుగులకే షీట్ రాక్ (పరచుకున్న గట్టి రాయి) తగులుతుంది, వెంటనే దాన్ని పగలగొట్టే బ్రేకర్ మెషిన్ వస్తుంది. పాత కట్టడాలకు చాలామంది ఇంజనీర్లు పాటించే జర్మన్ ప్రమాణం, పునాది దగ్గర తక్కువ పౌనఃపున్యపు కంపన వేగం సెకనుకు 3 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. గోడ పక్కనే బ్రేకర్ ఆడిస్తే ఆ హద్దును నిలబెట్టడం కష్టం. పునాది మీద కంపనాల మీటర్ పెట్టించండి. గోడకు దగ్గరలో రాతిని వరుస రంధ్రాలు వేసి, వాటిలో ఉబ్బే రసాయన పొడి పోసి చీల్చాలి, లేదా వజ్రపు తీగతో కోయాలి. పేలుడు ఊసే వద్దు.

సెల్లార్ పాత పునాది కంటే లోతుకు పోతే గోడ కింద కొత్త పునాది వేయక తప్పదు. గోడ పొడవును 3, 4 అడుగుల ముక్కలుగా విభజించి నంబర్లు వేయండి. ముందు 1, 4, 7 తవ్వి కాంక్రీటు వేయాలి. దాని పైభాగానికీ పాత పునాదికీ మధ్య 3 అంగుళాల ఖాళీ వదిలి, కాంక్రీటు గట్టిపడ్డాక పొడిపొడిగా కలిపిన సిమెంటు మసాలాను ఆ ఖాళీలో దట్టంగా కూరాలి. అది కూడా గట్టిపడ్డాకే 2, 5, 8. చివరగా 3, 6, 9. పక్కపక్క గుంతలు రెండూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. త్వరగా అవుతుందని రెండు గుంతలు కలిపి తవ్వించే కాంట్రాక్టర్‌ను ఆ రోజే ఆపండి. నిజానికి ఈ గోడ కింద సెల్లార్ వద్దే వద్దనుకోవడం అన్నింటికంటే మంచిది.

కొత్తదానికి పాతదాన్ని కట్టడం

పాత గోడ నూరేళ్ల కిందటే కుదురుకుంది. కొత్త ఆర్‌సీసీ మాత్రం కట్టాక మొదటి ఏడాదిలో కొంత కుంగుతుంది, కొంత ముడుచుకుంటుంది. రెంటినీ సిమెంటుతో కలిపి బిగిస్తే కొత్తది కిందికి లాగే బరువంతా పాత గచ్చు మీద పగుళ్లుగా తేలుతుంది. అందుకే రెంటి మధ్య 2 అంగుళాల ఖాళీ వదలండి. స్లాబ్‌ను గోడ మీద ఆనించవద్దు. గోడను లోపలికీ బయటికీ కదలనివ్వకుండా, పైకీ కిందికీ మాత్రం జారనిచ్చే కట్లు కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, సాధారణంగా 12 మిల్లీమీటర్లవి, ప్రతి అంతస్తు మట్టంలో సుమారు 3 అడుగులకొకటి. కొత్త దూలానికి బిగించే ప్లేటులో బోల్టు రంధ్రం నిలువుగా పొడవుగా ఉండాలి. మామూలు ఇనుము వాడితే ఇరవై ముప్పై ఏళ్లలో తుప్పుపట్టి ఉబ్బి రాతినే చీలుస్తుంది. కట్లన్నీ బిగిశాకే చట్రాన్ని విప్పాలి, అదీ పై వరుస నుంచి, రోజుకొక మట్టం చొప్పున, రీడింగ్ చూసుకుంటూ.

సున్నం పని

ఇంత కష్టపడి నిలబెట్టిన గోడను చివర్లో సిమెంటు ప్లాస్టరింగ్‌తో పాడుచేసేవారే ఎక్కువ. కింది నుంచి, వెనక నుంచి గోడలోకి తేమ వస్తూనే ఉంటుంది. సున్నం దాన్ని బయటికి వదులుతుంది. సిమెంటు పొర మూసేస్తుంది. మూసుకున్న తేమ ఉప్పును మోసుకొచ్చి సిమెంటు వెనక పేరుకుంటుంది, ఉప్పు గడ్డకట్టినప్పుడు పాత ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రెండు మూడు వానాకాలాల తర్వాత సిమెంటు పెచ్చు ఊడినప్పుడు తనతో పాటు పాత గచ్చునూ తీసుకుపోతుంది.

పాత మసాలా ముక్క ఒకటి పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగిపోయి ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) మిగులుతాయి. ముందు, తర్వాత తూచి చూస్తే సున్నం ఎంత పాలో తెలుస్తుంది. ఇసుక రంగు, గింజ సైజు కూడా చూసి అలాంటిదే తెప్పించాలి.

కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేయాలి, రాయి మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి ఎగిరిపడుతుంది కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, పైన 2, 3 అంగుళాల నీరు నిలిచేలా గుంతలో ఉంచండి. కనీసం నెల, వీలైతే మూడు నెలలు. వేలితో తీస్తే వెన్నలా మెత్తగా రావాలి, గింజ తగలకూడదు. ఉడకని గింజ మిగిలితే గోడ మీదికెక్కాక తేమ తగిలి ఉబ్బి, చిన్న గుంతలా పేలుతుంది.

మొదటి పూతకు ఒక గమేళా (మసాలా మోసే తట్ట) సున్నానికి రెండున్నర నుంచి మూడు గమేళాల గరుకు ఇసుక. తడి ఎక్కువున్న చోట ఒకటికి ఒకటి సుర్ఖీ, ఒకటిన్నర ఇసుక. సుర్ఖీకి బాగా కాలిన గట్టి ఇటుక పనికిరాదు. తక్కువ వేడికి కాలిన మెత్తని ఇటుక పొడే సున్నంతో కలిసి గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపడం మన దగ్గర పాత అలవాటు, మంచిదే. కానీ రెండూ కలిపి సున్నం బరువులో 5 శాతం దాటనివ్వకండి. బెల్లం ఎక్కువైతే మసాలా గట్టిపడటానికి వారాలు పడుతుంది. మసాలాను గానుగలో ఎంతసేపు రుబ్బితే అంత మంచిది, నీళ్లు ఎక్కువ పోసి మెత్తబరచడం తప్పు.

గోడను ముందురోజు సాయంత్రం, పూత వేసే ముందు ఇంకోసారి తడపాలి. మొదటి పూత 10, 12 మిల్లీమీటర్లు, దాని మీద గీతలు పెట్టి వారం పది రోజులు వదలాలి. రెండోది 8, 10 మిల్లీమీటర్లు. చివరిది పాలరాతి పొడి కలిపినది, 2, 3 మిల్లీమీటర్లు. ప్రతి పూత తర్వాత తడి గోనెపట్టాలు వేలాడదీసి కనీసం ఏడు రోజులు ఆరనివ్వకండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, ఆ పీల్చుకోవడానికి తేమ కావాలి. మే నెల మిట్టమధ్యాహ్నం వేసిన పూత పైన ఎండి లోపల సుద్దలా ఉండిపోతుంది. లోపల ఎంతవరకు గట్టిపడిందో తెలియాలంటే చిన్న ముక్క తీసి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయండి. గులాబీ రంగు వస్తే ఇంకా పచ్చిగానే ఉంది. రంగు మారకపోతే అక్కడి వరకు గట్టిపడినట్టే.

గచ్చు గట్టిగా ఉండి వెనక డొల్ల మాత్రమే ఉన్నచోట దాన్ని ఊడగొట్టి కొత్తది వేయొద్దు. చిన్న రంధ్రం వేసి ముందు నీటితో కడిగి, సన్నని సున్నం, సుర్ఖీ పాలను గొట్టంతో మెల్లగా పోయాలి, బయట చెక్క పలకతో ఆనించి ఉంచాలి. కింది రంధ్రం నుంచి మొదలుపెట్టి, రోజుకు ఒకటిన్నర అడుగు ఎత్తుకు మించకుండా పైకి వెళ్లాలి. ఒకేసారి నింపితే ఆ బరువుకే పొట్ట పెద్దదవుతుంది.

రంగు అంటే సున్నం కొట్టడమే. పలచగా ఐదారు పూతలు, గేరు (ఎర్రమట్టి), పసుపు మట్టి లాంటి నేలరంగులు కలిపి. ప్లాస్టిక్ పెయింట్ వద్దు. గ్రానైట్‌ను ఇసుక కొట్టి శుభ్రం చేయించొద్దు, నైలాన్ బ్రష్, మామూలు నీరు చాలు. పాత పోస్టర్లు, పెయింట్ మరకలకు మట్టి ముద్ద పట్టీ వేసి పీల్చుకోనివ్వాలి. షాపుల బోర్డులు, ఏసీ యూనిట్లు, ఇంటర్నెట్ తీగలు ఎక్కడ వస్తాయో కొత్త భవనం ప్లాన్‌లోనే చోటు చూపించండి. చూపించకపోతే అద్దెకు వచ్చిన మొదటి దుకాణం వాళ్లు గచ్చు పూవు మధ్యలో డ్రిల్లింగ్ చేస్తారు.

ఆ తర్వాత ఏటా జూన్ మొదటి వారంలో పిట్టగోడ పైకెక్కి చూడాలి. నీళ్ల గొట్టాల్లో ఆకులు తీసేయాలి, గోడ నెత్తిన సున్నం పగిలితే అప్పుడే పూడ్చాలి. రావి మొక్క రెండు ఆకుల దశలో ఉంటే చేత్తో పీకొచ్చు. వేరు గోడలోకి దిగాక పీకితే రాయితో సహా వస్తుంది. అప్పుడు మొదలు కోసి, కోసిన మొండెంలో వెంటనే కలుపు మందు నింపి, వేరు పూర్తిగా చచ్చాకే తీసి ఖాళీని సున్నం పాలతో నింపాలి.